సూర్యుణ్ణి ఎవరు ఎవరికిస్తారు?

మన బళ్లలో ప్రతి తరగతిలోనూ బొమ్మలు వేసే పిల్ల ఒకరైనా ఉంటారు. లెక్కల నోటు వెనక పేజీలన్నీ నెమళ్లు, ఏనుగులు, అమ్మ మొహం, హాస్టల్ వార్డెన్ మొహం. ఆ పిల్లల చేతిలో పెట్టడానికి ఒక నవల కావాలి. బొమ్మ వేయడం అంటే ఏమిటో, దాని వెనక ఎంత కష్టం, ఎంత ఆశ ఉంటాయో చెప్పే నవల. అలాంటిదని పేరు పడ్డ ఇంగ్లీషు నవల ఒకటి ఈమధ్య చదివాను. జాండీ నెల్సన్ అనే అమెరికా రచయిత్రి రాసిన 'ఐల్ గివ్ యూ ద సన్'. 'నీకు సూర్యుణ్ణి ఇచ్చేస్తా' అని తెలుగులో చెప్పుకోవచ్చు. 2014లో వచ్చింది. టీనేజీ పిల్లల పుస్తకాలకు అమెరికాలో ఇచ్చే పెద్ద బహుమతి ప్రింట్జ్ అవార్డు 2015లో దీనికే వచ్చింది. ఇందులో చచ్చిపోయిన నాయనమ్మ మనవరాలితో మాట్లాడుతుంది. చచ్చిపోయిన తల్లి కూతురు చేసిన మట్టిబొమ్మల్ని పగలగొడుతుంది. అందుకని దీన్ని మేజిక్ రియలిజం, అంటే మాంత్రిక వాస్తవికత కోవలో చేర్చి మాట్లాడతారు.

చాలా ఆశతో మొదలుపెట్టాను. పూర్తి చేసేసరికి నిరాశ మిగిలింది. ఆ నిరాశ ఎందుకో చెప్పాలనే ఈ వ్యాసం. పుస్తకం పనికిరానిదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఇలాంటి పుస్తకం మన పిల్లల చేతికి వెళితే కళ గురించి, పెద్దల నమ్మకాల గురించి ఏం నేర్పుతుందో ముందుగా మనం ఆలోచించుకోవాలి.

కథ చిన్నగా చెబుతాను. కాలిఫోర్నియాలో సముద్రం పక్కన ఒక ఊరు. నోవా, జూడ్ అనే కవలలు. నోవా అబ్బాయి, జూడ్ అమ్మాయి. వాళ్లమ్మ కళా విమర్శకురాలు. పిల్లలిద్దరూ కళల బడిలో చేరాలని ఆమె కోరిక. నోవాకి బొమ్మలే ప్రాణం. జూడ్ సముద్రం ఒడ్డున ఇసుకతో ఆడవాళ్ల బొమ్మలు చేస్తుంది. అమ్మ మెప్పు ఎవరికి దక్కుతుందా అని ఇద్దరి మధ్యా పోటీ మొదలవుతుంది. ఇంతలో కారు ప్రమాదంలో అమ్మ చనిపోతుంది. జూడ్‌కి కళల బడిలో సీటు వస్తుంది, నోవాకి రాదు. నోవా బొమ్మలు వేయడం మానేస్తాడు. ప్రమాదానికి ముందు కథని నోవా చెబుతాడు, అప్పటికి అతనికి పదమూడు పద్నాలుగేళ్లు. తర్వాతి కథని జూడ్ చెబుతుంది, ఆమెకి పదహారు. ఇద్దరి దగ్గరా సగం సగం నిజమే ఉంటుంది. రెండు సగాలు కలిస్తేగాని ఏం జరిగిందో మనకి తెలియదు.

ముందు బాగున్నవి చెప్పాలి. నోవా ఏది చూసినా మనసులోనే దాన్ని బొమ్మ కట్టేస్తాడు, ఆ బొమ్మకి పేరు కూడా పెడతాడు. కోపం వస్తే ఒక బొమ్మ, సిగ్గేస్తే ఒక బొమ్మ. బొమ్మలు వేసే పిల్లల బుర్ర నిజంగా ఇలాగే పనిచేస్తుంది. నోవా పక్కింటి అబ్బాయిని ప్రేమిస్తాడు, ఆ ప్రేమని దాచుకోలేక, చెప్పుకోలేక నలిగిపోతాడు. ఆ పేజీలు రచయిత్రి ఎంతో మర్యాదగా రాసింది. మన ఊళ్లలోనూ అలాంటి పిల్లలున్నారు, వాళ్ల బాధ మనం వినం. ఒక్క ఈ భాగం కోసమైనా టీచర్లు ఈ పుస్తకం చదవాలి.

ఇంకో మంచి ఘట్టం. కళల బడిలో సీటు రాకముందు నోవా ఆ బడి దగ్గరికి దొంగచాటుగా వెళ్లి, కిటికీ బయట నిలబడి లోపలి బొమ్మల పాఠం చూస్తాడు. లోపలున్నవాళ్లతో పాటు తనూ బొమ్మ వేస్తాడు. బయట నిలబడి విద్య నేర్చుకునే పిల్లవాడు అనగానే మనకి గుర్తొచ్చేది ఏకలవ్యుడే. మన పిల్లలు చదివే గురుకులాలకి ఆయన పేరే పెట్టారు. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

కాని నోవా కిటికీ బయట ఉండటానికి, ఏకలవ్యుడు బయట ఉండటానికి తేడా ఉంది. నోవా ఇంట్లో తల్లే కళ గురించి పుస్తకాలు రాసే మనిషి. రంగులకీ కాగితాలకీ కొదవ లేదు. అతన్ని బయట నిలబెట్టింది ఒక దరఖాస్తు మాత్రమే. ఆ దరఖాస్తుని అక్కచెల్లెళ్ల అసూయతో జూడ్ పోస్టు చేయకుండా పడేసిందని తర్వాత తెలుస్తుంది. అతన్ని వద్దని ఎవరూ అనలేదు. అతని పేరు ఆ బడికి చేరనే లేదు. ఇది కథకి గట్టి మలుపే. ఒక కాగితం అందాల్సిన చోటికి అందకపోతే ఒక పిల్లవాడి బతుకు ఎటు పోతుందో మన టీచర్లకి వేరే చెప్పక్కర్లేదు. కుల ధ్రువపత్రం సమయానికి రాక సీటు పోగొట్టుకున్న పిల్లల్ని చూశాం. మరి ఇంత పెద్ద విషయాన్ని రచయిత్రి ఏం చేసింది? ఇద్దరు తోబుట్టువుల మధ్య తగువుగా మొదలుపెట్టి, క్షమాపణతో ముగించింది. అసలు ఒక పిల్లవాడు చిత్రకారుడు అవునో కాదో తేల్చే అధికారం ఒక బడి సీటుకి ఎవరిచ్చారు? ఈ ప్రశ్న నవలలో ఎవరూ అడగరు. సీటు వచ్చిన పిల్ల కళాకారిణి. రాని పిల్లవాడు కుంచె కింద పెట్టేస్తాడు. చివరిదాకా ఆ లెక్క మారదు.

మన కళ అలా నడవలేదు. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం కొండల్లో, అటు ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లో సవర ఇళ్లు చూసినవాళ్లకి తెలుసు. ఇంటి లోపలి గోడకి ఎర్రమట్టి పూస్తారు. వరిపిండి నీళ్లలో కలిపి, చివర నలగ్గొట్టిన పుల్లతో దాని మీద బొమ్మ వేస్తారు. మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యుడు, చంద్రుడు, చెట్లు, ఈమధ్య అయితే సైకిళ్లు, విమానాలు కూడా. ఆ బొమ్మ ఎప్పుడు వేస్తారు? ఇంట్లో జబ్బు చేసినప్పుడు, పంట కోసం, పోయినవాళ్ల కోసం. ఏ దేవత, ఏ పెద్ద ఏం కోరుతున్నారో పూజారి చెబుతాడు, దాన్ని బట్టి బొమ్మ. ఆ బొమ్మ పోయినవాళ్లు వచ్చి కూర్చునే ఇల్లు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం గురించి రాసిన పెద్ద పుస్తకంలో ఈ గోడబొమ్మల గురించి వివరంగా ఉంది. బొమ్మ వేసే మనిషి మర్నాడు పొలానికి వెళ్తాడు. అతను ఏ బడిలో నేర్చుకున్నాడని ఎవరూ అడగరు. బొమ్మకి కింద సంతకం ఉండదు.

నవలలో మేజిక్ అనేది ఎలా వచ్చిందో ఇప్పుడు చూద్దాం. జూడ్ దగ్గర నాయనమ్మ వదిలి వెళ్లిన నమ్మకాల పుస్తకం ఒకటుంది. జబ్బు రాకుండా జేబులో ఉల్లిపాయ పెట్టుకోవాలి. అబ్బాయి అమ్మాయికి నారింజపండు ఇస్తే ప్రేమ పెరుగుతుంది. ఇలా పేజీలకి పేజీలు. జూడ్ అవన్నీ పాటిస్తుంది. నాయనమ్మ ఆత్మ పక్కనే కూర్చుని మాట్లాడుతుంటుంది. చదువుతుంటే నవ్వొస్తుంది. రచయిత్రి మనం నవ్వాలనే రాసింది. తల్లి పోయిన దుఃఖం, తను చేసిన తప్పు తాలూకు భయం ఆ పిల్లని ఇలా తయారుచేశాయని మనకి అర్థమవుతుంది. దుఃఖం తీరిన కొద్దీ ఆ నమ్మకాల అవసరమూ తగ్గుతుంది. అంటే పెద్దల నమ్మకం ఒక జబ్బు లక్షణం లాంటిది. జబ్బు నయమైతే అదీ పోవాలి. నాకు ఎక్కువ ఇబ్బంది కలిగించింది ఇదే.

మనకీ నియమాలున్నాయి. కందికొత్తల పండగ కాకుండా కొత్త కందులు ముట్టం. మామిడి కొత్త చేయకుండా మామిడికాయ తినం. ఈ నియమం ఎవరి జేబులోదీ కాదు, ఊరందరిదీ. పండగ రోజు తప్పిన మనిషి ఊరికి జవాబు చెప్పాలి. కాయ ముదిరేదాకా ఆగడం చెట్టుకీ మంచిదే, మనిషికీ మంచిదే. పెద్దలకి పెట్టకుండా తినకూడదన్న మర్యాదా అందులో ఉంది. బయటి బడికి వెళ్లిన మన పిల్లలు ఇవన్నీ మూఢనమ్మకాలని విని, సిగ్గుపడి, ఇంటికొచ్చి అవ్వల మీద విసుక్కోవడం మనం రోజూ చూస్తున్నాం. అన్ని నమ్మకాలూ మంచివని నేననను. పాము కరిచినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లకుండా ఆపే నమ్మకాన్ని టీచరుగా నేను ఎప్పుడూ ఒప్పుకోను. కాని అవ్వ చెప్పిన ప్రతి మాటనీ నవ్వులాటగా, లేకపోతే మనోవ్యాధిగా చూపించే పుస్తకం, ఇప్పటికే సిగ్గుపడుతున్న పిల్లకి ఇంకొంచెం సిగ్గు నేర్పుతుంది.

మేజిక్ రియలిజం పుట్టుక తెలిస్తే ఈ నిరాశ ఇంకా పెరుగుతుంది. ఈ మాట మొదట వాడింది బొమ్మల గురించే. 1925లో ఫ్రాంజ్ రో అనే జర్మన్ కళా విమర్శకుడు అప్పటి కొత్త చిత్రాల గురించి ఈ పేరు వాడాడు. తర్వాత లాటిన్ అమెరికా నవలతో ఆ పేరు ప్రపంచమంతా తెలిసింది. క్యూబా రచయిత అలేహో కార్పెంతియర్ 1949లో హైతీ బానిసల తిరుగుబాటు మీద నవల రాశాడు. తమ నాయకుడు రూపం మార్చుకుని తప్పించుకోగలడని ఆ బానిసలు నమ్మారు. ఆ నమ్మకమే వాళ్లకి తిరగబడే ధైర్యం ఇచ్చింది. అదే ఏడాది గ్వాటెమాలా రచయిత మిగెల్ ఆంహెల్ అస్తూరియాస్ మాయా ఆదివాసుల నమ్మకాలని ఆధారం చేసుకుని, మొక్కజొన్న పొలాల చుట్టూ జరిగిన పోరాటం మీద నవల రాశాడు. ఆయనకి 1967లో నోబెల్ వచ్చింది. కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ తన కథ చెప్పే తీరు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నానని చెప్పుకున్నాడు. ఎంత వింత సంగతైనా ఆవిడ మామూలు మొహంతో చెప్పేదట. అమ్మమ్మ మాటని వెక్కిరించకుండా, వివరణ ఇవ్వకుండా, ఉన్నదున్నట్టు రాయడంలోంచే ఆ నవలల బలం వచ్చింది. నేల పోగొట్టుకున్నవాళ్ల మాట, బానిసలుగా బతికినవాళ్ల మాట అందులో ఉంది.

నెల్సన్ నవలలోనూ ఒక కొలంబియా మనిషి ఉన్నాడు. రాతిశిల్పి. పేరు గియెర్మో గార్సియా. జూడ్ అతని దగ్గర రాయి చెక్కడం నేర్చుకుంటుంది. మట్టి అయితే చచ్చిపోయిన అమ్మ పగలగొడుతోంది, రాయి అయితే పగలగొట్టలేదు కదా అని ఆమె ఆలోచన. ఈ ఆలోచన నాకు నచ్చింది. తల్లి కోపం అంటే భయపడే పిల్ల రాతి దగ్గరికి వెళ్లడం నమ్మేలా ఉంది. ఆ శిల్పి పాత్ర మాత్రం నమ్మేలా లేదు. పెద్ద శరీరం, పెద్ద కోపం, పెద్ద ప్రేమ, వచ్చీరాని ఇంగ్లీషు. అతను కొలంబియాలో ఏ ఊరివాడు, ఏ పని చేసే కుటుంబం, ఆ రాళ్లు అతనికి ఏం చెబుతాయి అన్నవాటికి మనకి అందేది చాలా తక్కువ. అమెరికా పిల్లలకి ధైర్యం నేర్పడం, వాళ్ల అమ్మని ప్రేమించడం అతని పని. సినిమాల్లో మన గూడెం మనిషిని ఎలా చూపిస్తారో గుర్తు చేసుకోండి. హీరోకి దారి చూపిస్తాడు, మూలిక ఇస్తాడు, పాటలో వెనక నిలబడి డోలు కొడతాడు. అతని ఇంటి కథ మనకి తెలియదు. ఇక్కడా అంతే.

ఇప్పుడు పుస్తకం పేరు దగ్గరికి వస్తాను. ఈ కవలలు చిన్నప్పటి నుంచి ఒక ఆట ఆడతారు. ప్రపంచాన్ని పంచుకునే ఆట. సూర్యుడు నాది, చెట్లు నీవి, సముద్రాలు నావి, పూలు నీవి. నోవా వేసిన ఒక బొమ్మ జూడ్‌కి కావాలి. దాని కోసం ఆమె సూర్యుణ్ణీ నక్షత్రాలనీ సముద్రాలనీ చెట్లనీ అతనికి ఇచ్చేస్తుంది. పుస్తకంలో అందరూ మెచ్చుకునే ఘట్టం ఇది. ఒక బొమ్మ ప్రపంచమంత విలువైనదని చెప్పడం. పిల్లల ఆటని పట్టుకుని మరీ గట్టిగా మాట్లాడటం బాగుండదని నాకూ తెలుసు. చదవడానికి ముచ్చటగానే ఉంది.

అయినా ఆ పేజీ నేను సుఖంగా చదవలేకపోయాను. చెట్లని కాగితం మీద పంచుకోవడం మనకి ఆట కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక కొండమీద చెట్టు కొట్టడం, పోడు కొట్టడం నేరమైంది. మన్యంలో 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు వెనక నడిచిన కొండవాళ్ల కడుపుమంటలో ఆ అడవి చట్టాలదీ పెద్ద భాగమే. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చి, పోడు భూమి మీద హక్కుని, ఊరందరి ఉమ్మడి హక్కుని గుర్తించింది. ఆ పట్టా కాగితం కోసం మనవాళ్లు ఇంకా తిరుగుతున్నారు. ఎవరిదీ కానిదాన్ని, అందరిదీ అయినదాన్ని ఎవరో ఇద్దరు కూర్చుని నీది నాది అనుకోవడం ఏమిటో మన తాతలకి తెలుసు. సూర్యుణ్ణి ఒకరికొకరు ఇచ్చుకోవచ్చన్న ఊహ అన్నీ ఉన్న ఇంట్లో పుట్టింది. సవర గోడబొమ్మలో సూర్యుడు ఒక మూల ఉంటాడు, చంద్రుడు ఒక మూల. వాళ్ల మధ్యలో మనుషులు. అక్కడ సూర్యుడు ఇంటికి వచ్చిన చుట్టం. చుట్టాన్ని పిలుస్తాం, ఎవరికీ ఇవ్వం.

ఈ రకం నవలల్లో ఇంతకన్నా దగ్గరగా వచ్చింది లేదా అంటే ఉంది. డానియెల్ హోసే ఓల్డర్ రాసిన 'షాడోషేపర్', 2015లో వచ్చింది. న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో ఉండే ప్యూర్టోరికో కుటుంబపు పిల్ల సియెర్రా కథ. ఆమె పాత భవనం గోడ మీద పెద్ద బొమ్మ వేస్తుంటుంది. పేటలో పాత గోడబొమ్మలు వెలిసిపోతుంటాయి, ఒక బొమ్మలోని మనిషి కళ్లలోంచి కన్నీళ్లు కారుతాయి. పోయినవాళ్ల ఆత్మలని బొమ్మల్లోకి పిలిచే విద్య తన కుటుంబానిదని, ఆడపిల్ల అని తాత దాన్ని తనకి చెప్పలేదని ఆమెకి తెలుస్తుంది. ఆ విద్యని కాజేయాలని చూసేవాడు ఒక మానవశాస్త్ర ప్రొఫెసరు. నోట్సు రాసుకుంటానని వచ్చి, ఇంట్లో మనిషిలా మెలిగి, చివరికి ఇంటి దేవుణ్ణే పట్టుకుపోవాలనుకున్నవాడు. మన ఊళ్లకి టేపు రికార్డర్లు, కెమెరాలు పట్టుకుని వచ్చి, మన పాటలు తీసుకెళ్లి, మళ్లీ కనపడనివాళ్ల గురించి మన పెద్దలు చెప్పే మాటలు గుర్తొచ్చాయి. ఈ నవలలోనూ లోపముంది. సగం దాటాక బొమ్మలు ఆయుధాలైపోయి కథంతా వెంటాడటం, కొట్టుకోవడమే అవుతుంది. బొమ్మ వేసేటప్పటి నిదానం పోతుంది. అయినా కళ ఎవరిది, ఎవరు ఎవరి దగ్గర తీసుకుంటున్నారు అనే ప్రశ్న ఇందులో ఉంది. నెల్సన్ నవలలో ఆ ప్రశ్నే లేదు.

ఇది కథల్లోని ప్రశ్న మాత్రమే కాదు. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ పేరు మన పిల్లలందరికీ తెలియాలి. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ ఊరి పర్ధాన్ గోండు. గోండుల కథలని వాద్యం మీద పాడి తరతరాలకి అందించిన పర్ధాన్లు మన ఆదిలాబాద్‌లోనూ ఉన్నారు. 1980ల మొదట్లో అతన్ని భోపాల్ భారత్ భవన్‌కి తీసుకొచ్చారు. పాటలోని దేవతలని అతను చుక్కలతో, గీతలతో కాగితం మీదికి తెచ్చాడు. 1989లో పారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో అతని బొమ్మలు పెట్టారు. ఆ ప్రదర్శన పేరుకి అర్థం 'భూమి మాంత్రికులు'. మన బొమ్మ దూరం వెళ్లేసరికి దానికి మేజిక్ అని ఎవరో పేరు పెడతారు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేయడానికి వెళ్లిన జన్‌గఢ్ అక్కడే, ఇంటికి దూరంగా చనిపోయాడు. అప్పటికి నలభై ఏళ్లు కూడా నిండలేదు. అతను చూపిన దారిలో పర్ధాన్ యువకులు ఎంతోమంది ఈరోజు చిత్రకారులుగా బతుకుతున్నారు. గెలుపూ నష్టమూ రెండూ ఉన్న ఈ బతుకులో ఒక నవలకి కావలసినదంతా ఉంది.

సవరల లిపి సంగతి కూడా అలాంటిదే. 1936లో మంగేయి గొమాంగో అనే సవర పెద్ద సొరాంగ్ సొంపెంగ్ లిపిని తయారుచేశాడు. అక్షరాలు 24. ఒక్కో అక్షరం ఒక్కో దేవత పేరుతో ముడిపడి ఉంటుంది. ఆ అక్షరాలని గుడిలో పెట్టి పూజించేవాళ్లున్నారు. అక్షరం గీస్తే అది బొమ్మ, అది దేవత, అది చదువు కూడా. దీన్ని రాయడానికి కొత్త మేజిక్ ఏదీ కల్పించక్కర్లేదు. మార్క్వెజ్ అమ్మమ్మలా మామూలు మొహంతో చెబితే చాలు.

టీచర్లకి నా మనవి. నెల్సన్ నవలని దాచిపెట్టకండి. ఇంగ్లీషు చదవగలిగిన పెద్ద పిల్లలకి ఇవ్వండి. కిటికీ బయట నోవా నిలబడిన భాగం, దరఖాస్తు భాగం తరగతిలో కథగా చెప్పండి. తర్వాత రెండు ప్రశ్నలు అడగండి. ఆ దరఖాస్తు చేరకపోతే నోవా చిత్రకారుడు కాడా? జూడ్ నాయనమ్మ మాటలకి మీరు నవ్వారు కదా, మీ అవ్వ చెప్పే ఏ మాటకి మీరు నవ్వరు, ఎందుకు నవ్వరు? జవాబులు రాయించండి. బొమ్మ వేసే పిల్లలు బొమ్మగానే జవాబు ఇవ్వచ్చు.

యువతకి నా మనవి వేరు. మనింటి గోడ మీద బొమ్మ వేసే తాత ఉన్నాడు. ఆ గోడ ఇప్పుడు కాలనీ ఇల్లు కట్టడానికి పడగొట్టేస్తున్నారు, సిమెంటు గోడ మీద ఎర్రమట్టి నిలవడం లేదు. ఆ తాత ఇప్పుడు సంతలో అమ్మడానికి బట్ట మీద బొమ్మలు వేస్తున్నాడు. బట్ట మీద వేసిన బొమ్మలోకి పెద్దలు వస్తారా రారా? మనవరాలు అతన్ని ఈ మాట అడిగితే ఏం చెబుతాడు? ఈ నవల మనం తెలుగులోనో, మన భాషలోనో రాయాలి. రాయడానికి కూర్చునేముందు ఆ తాత దగ్గరికి వెళ్లి, ఆయన పని చేస్తుండగా పక్కన కూర్చుని చూడండి. ఫోను తీసే ముందు ఆయన్ని అడగండి.